స్నో బ్లోయర్ మొరాయించక ముందే

మంచు తీసే మిషన్ సరిగ్గా పెద్ద మంచు పడ్డ రోజే చెడిపోతుందని అందరూ అంటారు, అదేదో మన మీద పగబట్టినట్టు. నిజానికి అది చెడిపోయేది ఆ రోజు కాదు. ఏడాదిలో సగానికి పైగా గరాజ్ మూలన కదలకుండా పడి ఉన్నప్పుడే ట్యాంకులో పెట్రోల్ పాతబడుతుంది, బెల్టుల రబ్బరు గట్టిపడుతుంది, ఇరుసులు తుప్పు పడతాయి. మనం పని చెప్పిన రోజున ఆ సంగతి బయటపడుతుంది, అంతే. ఇది బుర్రకెక్కాక చలికాలానికి నేను సిద్ధపడే తీరే మారిపోయింది.

మాది రెండు దశల పెట్రోల్ మిషన్. ముందున్న ఆగర్, అంటే పెద్ద మరలాంటి బ్లేడు, తిరుగుతూ మంచును మధ్యకు లాగుతుంది, దాని వెనకున్న ఫ్యాన్‌లాంటి ఇంపెల్లర్ ఆ మంచును చ్యూట్ అనే గొట్టం గుండా దూరంగా విసిరేస్తుంది. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనర్ దాన్ని గరాజ్‌లోనే వదిలి వెళ్ళాడు. మాన్యువల్ లేదు, ఆఖరి సర్వీసింగ్ ఎప్పుడు జరిగిందో తెలియదు. అయినా మొదటి చలికాలం బాగానే నెట్టుకొచ్చింది. పక్కింటాయన మిషన్ మాత్రం ఆ ఏడాది మొదటి మంచు తుఫానుకే ఆగిపోయి రిపేర్ షాపుకి వెళ్ళింది. అక్కడ అప్పటికే పెద్ద క్యూ. కావాల్సిన బెల్టు స్టాకులో లేదు. అది తిరిగొచ్చేసరికి మంచు కరగడం మొదలైంది. పాపం ఆయన సీజనంతా పారతోనే లాక్కొచ్చాడు. మా డ్రైవ్‌వే ఆయనదానికంటే పొడుగు, పైగా ఏటవాలు. నాకు టెన్షన్ పట్టుకుంది.

తర్వాతి ఏడు ఆకులు రాలడం మొదలవగానే, షాపులు ఖాళీగా ఉండే సమయం చూసుకుని ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. సర్వీసింగ్‌కి ఏమేం చేయాలి అని అడగలేదు. ఆ జాబితా ఏ మాన్యువల్‌లోనైనా ఉంటుంది. "మంచు పడ్డ మర్నాడు మీ దగ్గరికి తోసుకొచ్చే మిషన్లకు మామూలుగా ఏమై ఉంటుందండీ?" అని అడిగాను. ఆయన ఆలోచించకుండానే చెప్పాడు. "ముందు పెట్రోల్. తర్వాత బెల్టులు. ఆ తర్వాత షియర్ పిన్ విరిగితే చేతికి దొరికిన బోల్టు బిగించేసి, గేర్‌బాక్స్ పగలగొట్టుకుని వచ్చేవాళ్ళు." ఎక్కువగా వచ్చేవి ఆ మూడేనన్నమాట. వాటిలో నేను చీకట్లో, చలిలో, నా చేతులతో సరిచేసుకోగలిగేవి ఏవో తేల్చుకోవడమే నా పని అనుకున్నాను.

అన్నిటికంటే ముందు చేసింది చాలా చిన్న పని. మిషన్ వెనక భాగంలో రేకు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఇంజన్ మీద దాని నంబరు వేరే ఉంటుంది, ఎందుకంటే చాలా మిషన్లలో ఇంజన్ ఒక కంపెనీది, బాడీ ఇంకో కంపెనీది. బెల్టు కావాలంటే మొదటి నంబరు, కార్బురేటర్ కావాలంటే రెండోది. మసి తుడిచి రెండిటికీ ఫోటో తీసుకున్నాను. ఆ నంబర్లతో వెతికితే మాన్యువల్ దొరికింది, విడి భాగాల బొమ్మలతో సహా. ఆ బొమ్మలు లేకపోతే మిగతా కథ నడిచేది కాదు.

షియర్ పిన్‌తో మొదలుపెట్టాను. ఆగర్‌ను దాని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న బోల్టు అది. కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. ఆగర్‌లో రాయో, గడ్డకట్టిన న్యూస్ పేపర్ల చుట్టో ఇరుక్కుంటే ముందు ఈ పిన్ తెగిపోవాలి, ఆ దెబ్బ గేర్‌బాక్స్ దాకా పోకూడదు. దాని స్థానంలో గట్టి బోల్టు పెడితే అది తెగదు, లోపల గేరు పళ్ళు తెగుతాయి. పిన్ చిల్లర ఖర్చు, గేర్‌బాక్స్ మార్చాలంటే మిషన్ ధరలో మంచి భాగం. మా మోడల్‌కి సరిపోయేవే ఒక ప్యాకెట్ తెప్పించాను.

కానీ పిన్లు కొని పెట్టుకుంటే సరిపోదు. ఇది నేను ఎక్కడా చదవలేదు, నేను బయల్దేరేటప్పుడు మెకానిక్ గుర్తుచేశాడు: "ఆగర్ ఇరుసుకి తుప్పుతో అతుక్కుపోయి ఉందేమో చూసుకోండి." ఇరుసు మీద ఆగర్ ఒక గొట్టంలా తొడిగి ఉంటుంది. రెండిటి మధ్య తుప్పు పట్టి ఒకటైపోతే, పిన్ ఉన్నా లేనట్టే. రాయి ఇరుక్కున్నప్పుడు పిన్ తెగే అవకాశమే ఉండదు, దెబ్బ నేరుగా గేర్లకు తగులుతుంది. పరీక్ష సులువు. స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, పిన్లు తీసి, ఆగర్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఇరుసు కదలకుండా ఆగర్ ఒక్కటే తిరగాలి. మాదాంట్లో కుడివైపుది హాయిగా తిరిగింది. ఎడమవైపుది అంగుళం కూడా కదల్లేదు. తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా వదిలి, మర్నాడు మళ్ళీ పోసి, ఆగర్ అంచుని చెక్కముక్కతో అటూ ఇటూ కొట్టి, ఆ వారాంతం మొత్తం దానితోనే సరిపోయింది. కదిలింది చివరికి. తర్వాత గ్రీజు గన్నుతో నిపుల్ లోంచి గ్రీజు ఎక్కించి, రెండు చివర్లా బయటికి వచ్చేదాకా తిప్పాను. ఈ ఒక్క పనికి పట్టినంత ఓపిక మిగతా పనులన్నిటికీ కలిపి పట్టలేదు. అయినా ఎవరైనా ఒక్క పనే చేస్తామంటే, నేను చెప్పేది ఇదే.

బెల్టులు రెండు. ఒకటి చక్రాలను నడిపేది, రెండోది ఆగర్‌ను తిప్పేది. ప్లాస్టిక్ కవరు తీసి టార్చ్ వేస్తే కనిపిస్తాయి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టు, లోపలి వైపు పగుళ్ళుంటే ఇక ఎక్కువ రోజులు లేనట్టు. మావి మెరుస్తున్నాయి కానీ పగుళ్ళు లేవు. ఇంకో సీజన్ వచ్చేవేమో. అయినా కొత్తవి తెప్పించి అప్పుడే మార్చేశాను, పాతవాటిని స్పేర్‌గా దాచుకున్నాను. కొత్త బెల్టును షెల్ఫ్‌లో పెట్టి, పాతది తెగినప్పుడు మారుద్దాం అనుకునేవాళ్ళే ఎక్కువ. నాకు అది తలకిందుల లెక్క అనిపిస్తుంది. ఆ మార్పిడిని వెలుతురులో, మాన్యువల్ పక్కన పెట్టుకుని ఒకసారి చేసి ఉంటే, ఏ బోల్టు ఏ సైజో, ఏ స్ప్రింగు ఎటువైపు లాగుతుందో చేతికి తెలిసిపోతుంది. కొత్త బెల్టు సరిగ్గా సరిపోయిందో లేదో కూడా ఇప్పుడే తేలుతుంది. సైజు ఒకటే కదా అని మామూలు దుకాణంలో కొన్న బెల్టు అర అంగుళం తేడా వచ్చినా, లివర్ వదిలాక కూడా ఆగర్ తిరుగుతూనే ఉండొచ్చు. అందుకే కంపెనీ నంబరు చూసే కొనాలి.

మా మిషన్‌లో ఆగర్ బెల్టు తీయాలంటే చ్యూట్ విప్పి, నడుము దగ్గర రెండు పెద్ద బోల్టులు వదులు చేసి, మిషన్‌ను రెండు ముక్కలుగా విడదీయాలి. మొదటిసారి అలా విడిపోయినప్పుడు గుండె ఝల్లుమంది. అడుగున చెక్కదిమ్మలు ముందే పెట్టుకుంటే మళ్ళీ కలపడం కష్టం కాదు. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకుంటూ పోయాను. బిగించేటప్పుడు ఆ ఫోటోలను వెనక నుంచి ముందుకు చూసుకోవడమే.

ఇక పెట్రోల్. దీని గురించి మెకానిక్‌లంతా ఎందుకంత గొడవ చేస్తారో కార్బురేటర్ విప్పాక అర్థమైంది. అందులో పెట్రోల్ దూరే జెట్ రంధ్రం సూదిమొన అంత ఉంటుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ ఆవిరైపోతూ జిగురులాంటి మడ్డిని వదులుతుంది. ఆ మడ్డి ఆ రంధ్రాన్ని మూసేస్తే ఇంజన్ అసలు అంటుకోదు, లేదా చోక్ వేసి ఉంచితేనే ఎగిరెగిరి పడుతూ నడుస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో ఇంకో తంటా ఉంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది, కార్బురేటర్‌కి ముందు అందేది ఆ అడుగునున్నదే. చలిలో అదే నీరు పైపులో గడ్డ కూడా కడుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే పోయడం మంచిది.

పాత పెట్రోల్ మొత్తం సైఫన్‌తో తోడేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చాను. కార్బురేటర్ గిన్నె విప్పి, క్లీనర్ స్ప్రే కొట్టి, జెట్‌ను వెలుతురుకి ఎదురు పట్టి రంధ్రం గుండ్రంగా కనిపించేదాకా శుభ్రం చేశాను. గిన్నె రబ్బరు రింగు తీసేటప్పుడే సాగిపోయింది, కొత్తది వేశాను. ఇంకో పని కూడా చేశాను. ఇంజన్ నంబరుకి సరిపోయే కార్బురేటర్ ఒకటి పూర్తిగా కొత్తది కొని పెట్టుకున్నాను. చిన్న ఇంజన్ల కార్బురేటర్లు అంత ఖరీదు ఉండవు. తుఫాను మధ్యలో గరాజ్ నేల మీద కూర్చుని జెట్ శుభ్రం చేయడం కంటే రెండు నట్లు విప్పి మొత్తం మార్చేయడం ఎంతో నయం.

కొత్త పెట్రోల్‌లో డబ్బాలో ఉండగానే, అది త్వరగా పాతబడకుండా చూసే స్టెబిలైజర్ కలుపుతాను. కలిపింది ట్యాంకులో పోశాక ఇంజన్‌ను కాసేపు నడపాలి, అప్పుడే అది కార్బురేటర్ దాకా చేరుతుంది. నడిపేది గరాజ్ బయటే. తలుపు తెరిచి ఉంది కదా అని లోపల నడిపినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది. పెట్రోల్ డబ్బా కూడా ఇంట్లో గానీ, హీటర్ మంట దగ్గర గానీ పెట్టను.

ఆయిల్, స్పార్క్ ప్లగ్ గంట పని. చలికి పల్చగా ఉండే 5డబ్ల్యూ-30 పోశాను, ప్లగ్ కొత్తది వేశాను. టైర్లలో గాలి చలికి తగ్గుతుంది, రెండిట్లోనూ సమానంగా లేకపోతే మిషన్ ఒక పక్కకు లాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ కోసం చాలాసేపు వెతికాను. చాలా స్నో ఇంజన్లకు అసలు ఫిల్టరే ఉండదట. మంచులో దుమ్ము లేవదు, పైగా ఫిల్టర్ ఉంటే మంచుతో మూసుకుపోతుంది.

ఇంత చేశాక మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "నువ్వు ఊళ్ళో లేని రోజున పడితే?"

నిజమే. స్పేర్లు ఎక్కడున్నాయో, ఏది దేనికో నా ఒక్కడికే తెలిస్తే అది సగం ఏర్పాటే. అప్పుడు ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చాం. షియర్ పిన్లు, తెగిన పిన్ ముక్కను బయటికి కొట్టడానికి పంచ్, చిన్న సుత్తి, మా మిషన్‌కి పట్టే సైజు సాకెట్లు మాత్రమే, తలకు పెట్టుకునే లైటు, వేళ్ళు ఆడేంత పల్చటి గ్లవ్స్, సిలికాన్ స్ప్రే, మోకాళ్ళ కింద వేసుకోవడానికి అట్టముక్క. టూల్ బాక్స్ మొత్తం ఉంటే దేన్నీ వెతుక్కోలేం కాబట్టి బకెట్‌లో ఇవే. ఒక సాయంత్రం గరాజ్ లైట్లు ఆర్పేసి, తలలైటు వెలుతురులో, గ్లవ్స్ వేసుకుని తను ఒక పిన్ తీసి ఇంకోటి పెట్టింది. మొదట నవ్వుకుంటూ మొదలుపెట్టాం కానీ ఆ నాటకంలోనే ఒక సంగతి తెలిసింది. పిన్‌కి పెట్టే చీలిక పిన్ను గ్లవ్స్‌తో పట్టుకోవడం అసాధ్యం. చేతిలోంచి జారితే మంచులో దొరకదు. బకెట్‌లోకి ఒక అయస్కాంతం, ముక్కు ప్లయర్ వచ్చి చేరాయి.

తనకు నేను గట్టిగా చెప్పింది ఒకటే. చ్యూట్ మూసుకుపోతే చెయ్యి పెట్టకూడదు. ఇంజన్ ఆపేసినా సరే. బెల్టులో బిగువు మిగిలి ఉంటే, అడ్డుపడ్డ మంచు తొలగగానే ఇంపెల్లర్ ఒక్క ఉదుటున తిరగొచ్చు. స్నో బ్లోయర్లతో వేళ్ళు పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాగే. మిషన్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కర్ర మాదానికి లేదు, విడిగా తెప్పించి హ్యాండిల్‌కే కట్టాను. ఇంజన్ ఆపు, తాళంచెవి బయటికి తీయి, అన్నీ ఆగేదాకా ఆగు, తర్వాత కర్రతోనే.

మిషన్‌ను ఎంత బాగుచేసుకున్నా ఏదో ఒక రోజు అది కదలదు. ఆ రోజుకి వేరే లెక్క వేసుకున్నాను. తాజా పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. తడి మంచు 300 కిలోలు ఉన్నా ఆశ్చర్యం లేదు. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే మీద 20 సెంటీమీటర్ల మంచు అంటే 8 ఘనపు మీటర్లు. తడి మంచైతే రెండు టన్నుల పైమాటే. అంత బరువు పారతో ఒకేసారి ఎత్తడం నడుముకీ, గుండెకీ మంచిది కాదు. మంచు తోడుతూ గుండెపోటు రావడం గురించి వైద్యులు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. అందుకని పారతో చేయాల్సి వస్తే మొత్తం చేయకూడదని ముందే నిర్ణయించుకున్నాం. మొదట ఇంటి గుమ్మం, తర్వాత గోడ బయటికి వచ్చే హీటర్ పొగ గొట్టాల చుట్టూ, తర్వాత కారు పట్టేంత ఒక్క దారి. మిగతాది మర్నాడు. ఆ పొగ గొట్టాలు మంచుతో మూసుకుపోతే హీటర్ ఆగిపోతుంది, లేదా విషవాయువు లోపలికి తంతుంది. కాబట్టి కారు కంటే అవే ముఖ్యం.

పక్కింటాయనతో ఒక ఒప్పందం కూడా కుదిరింది. ఎవరి మిషన్ ఆగిపోతే రెండోవాళ్ళు తమది అయ్యాక అటు వెళ్ళాలి. ఆయన ఈలోగా బ్యాటరీ మిషన్ కొన్నాడు. అదొక లాభం, ఒకటి పెట్రోల్, ఒకటి బ్యాటరీ కాబట్టి రెండూ ఒకే కారణానికి ఆగవు. మంచు తోసే లారీ ఉన్న ఒకాయనతో సీజన్ మొదలవకముందే మాట్లాడి, అవసరమైనప్పుడు మాత్రమే వచ్చేలా పేరు రాయించుకున్నాను. తుఫాను రోజున కొత్తవాళ్ళ ఫోన్ ఎత్తే తీరిక వాళ్ళకు ఉండదు. ఐసు కరిగించడానికి ఉప్పు బస్తాతో పాటు కాల్షియం క్లోరైడ్ కొంచెం తెచ్చాను. మైనస్ 10 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు.

ఆ చలికాలం మొదటి పరీక్ష డ్రైవ్‌వే చివర ఎదురైంది. రోడ్డు మీద మంచు తోసే లారీ వెళ్తూ వెళ్తూ మన గుమ్మం ముందు ఒక గట్టు పోసి పోతుంది. అది మామూలు మంచు కాదు, ఐసు గడ్డలూ కంకరా కలిసిన ముద్ద. ఆ గట్టులోకి దూరగానే టప్‌మని శబ్దం, ఎడమ ఆగర్ ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. తుప్పు వదిలించిన వైపే అది. పిన్ తెగింది, అంటే గేర్‌బాక్స్ బతికింది. బకెట్ తెచ్చి, ముక్కను పంచ్‌తో కొట్టి, కొత్తది పెట్టి మళ్ళీ మొదలుపెట్టేసరికి కాఫీ కూడా చల్లారలేదు.

రెండోది మాత్రం నా జాబితాలో లేదు. ముందురోజు తడి మంచు తీసి మిషన్‌ను అలాగే లోపల పెట్టాను. రాత్రి బాగా చలి దిగింది. పొద్దున స్టార్ట్ చేసి ఆగర్ లివర్ నొక్కితే తిరిగింది, వదిలితే ఆగలేదు. లివర్ నుంచి కిందికి వెళ్ళే కేబుల్ తొడుగులోకి నీరు దూరి గడ్డకట్టింది, లోపలి తీగ వెనక్కి జారడం లేదు. ఇది మొరాయింపు కంటే ప్రమాదం. వెంటనే తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను. ఆ పూట పార తీసి ఒక్క దారి వరకే చేసుకున్నాం, మిగతాది పక్కింటాయన వచ్చి ఊడ్చేశాడు. కేబుల్ కరిగాక తొడుగు లోపలికి సిలికాన్ పట్టించాను. అప్పటి నుంచి పని అయిపోయాక మిషన్‌ను ఖాళీగా కాసేపు తిప్పి మంచంతా విసిరేయించి, రెండు లివర్లూ కొన్నిసార్లు నొక్కి వదిలి, స్టార్టర్ తాడు ఒకటి రెండుసార్లు లాగి, అప్పుడే లోపలికి తోస్తున్నాను. చివరి మాటు ఇంజన్ ఆపేముందు చ్యూట్ కిందికి చూసేలా తిప్పడం కూడా అలవాటైంది, లేకపోతే కరిగిన నీళ్ళు అందులోనే నిలిచి గడ్డకడతాయి.

ఎండలు రాగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోల్ అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, గిన్నె విప్పి అడుగు బొట్టు కూడా తీసేశాను. అడుగు పలక విప్పి చూస్తే చక్రాలను నడిపే ఫ్రిక్షన్ డిస్క్ చుట్టూ ఉన్న రబ్బరు బాగా అరిగి ఉంది. ఏటవాలు ఎక్కేటప్పుడు మిషన్ ఎందుకు జారుతోందో అప్పుడు అర్థమైంది. నంబరు ఫోన్‌లో ఉంది కాబట్టి ఆర్డర్ పెట్టడానికి నిమిషం పట్టింది. అది వచ్చాక ఈసారి విప్పేది మా ఆవిడ, టార్చ్ పట్టేది నేను.